పాత ఇల్లు కొని, బాగుచేసి, అమ్మడం: వరంగల్, హనుమకొండలో మొదటిసారి దిగేవారికి

హనుమకొండలో నేను బాగుచేసి అమ్మకానికి పెట్టిన మొదటి ఇంటికి గచ్చంతా మార్చాను, వంటగదికి కొత్త అల్మారాలు పెట్టించాను, గేటుకు కొత్త రంగు వేయించాను. చూడటానికి వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. అందులో ముగ్గురు బయానా దాకా వచ్చి వెనక్కి పోయారు. ముగ్గురూ చెప్పిన కారణం ఒకటే, బ్యాంకు లాయరు ఒప్పుకోలేదని. పాత లింకు పత్రం (ఆ ఇల్లు ఇదివరకు చేతులు మారినప్పటి దస్తావేజు) ఒకదానిలో ఇద్దరు అన్నదమ్ములు సంతకం చేశారు, వారి అక్క చేయలేదు. ఆమె సంతకం కోసం ఏడు నెలలు తిరిగాను. సంతకం దొరికింది కానీ అప్పటికి వడ్డీ లాభాన్ని మింగేసింది.

ఆ తర్వాత ఏ ఇంటి గడప తొక్కినా, రేపు దాన్ని కొనబోయేవారి బ్యాంకు లాయరు పక్కన నిలబడి చూస్తున్నట్టే చూస్తాను. కింద రాసిన పద్ధతి అంతా ఆ అలవాటు నుంచి పుట్టిందే.

మొదటి మెట్టు: ఎవరికి అమ్ముతారో తేల్చుకోండి

మన దగ్గర పాత ఇంటి ధర గజాల్లోనే నడుస్తుంది. ఇల్లు బాగున్నా, కూలడానికి సిద్ధంగా ఉన్నా మధ్యవర్తి మొదట అడిగేది "గజం ఎంత చెబుతున్నారు?" అనే. నక్కలగుట్ట, బాలసముద్రం, సుబేదారి వంటి చోట్ల రోడ్డు మీది పాత ఇంటిని కొనేది ఎక్కువగా బిల్డరే. ఆయన కొనేది కూల్చడానికి. మీరు పరిచిన గ్రానైటు ఆయన లెక్కలో కూల్చివేత ఖర్చు. ఇక ఊరి చివరి వెంచర్లలో పక్కనే ఖాళీ ప్లాట్లు ఉంటాయి కాబట్టి, డబ్బున్నవారు పాత ఇంటికి బదులు కొత్తది కట్టుకుంటారు. ఈ రెంటి మధ్య ఉన్న కాలనీలే మన పని జరిగే చోటు. ఇరవై, ముప్ఫై ఏళ్ల కిందటే నిండిపోయి, ఖాళీ ప్లాటు దొరకని లోపలి వీధులు, 120 నుంచి 200 గజాల ఇళ్లు, నడిచి వెళ్లేంత దూరంలో బడి, కిరాణా కొట్టు. విద్యారణ్యపురి, కుమార్‌పల్లి, గోపాల్‌పూర్, కాజీపేట, శివనగర్, దేశాయిపేటల్లో ఇలాంటి వీధులు వెతికితే దొరుకుతాయి.

కొనేవారు మూడు రకాలు. ములుగు, నర్సంపేట, పరకాల వైపు నుంచి పిల్లల చదువు కోసం వచ్చే రైతు కుటుంబాలు మొదటి రకం. పత్తి, మిర్చి ఏనుమాముల మార్కెట్లో అమ్ముడుపోయాక వీరి చేతికి డబ్బు వస్తుంది. బోరు ఉండాలి, బియ్యం బస్తాలు వేసుకోవడానికి చోటుండాలి, వీలైతే పైన కిరాయికి ఇచ్చే గది ఉండాలి. భూపాలపల్లి, గోదావరిఖని నుంచి వచ్చే సింగరేణి విశ్రాంత ఉద్యోగులు రెండో రకం. మెట్లెక్కే పని లేకుండా కింది అంతస్తులోనే పడకగది, దానికి ఆనుకుని స్నానాల గది అడుగుతారు. లోను జోలికి పెద్దగా పోరు. ఉపాధ్యాయులు, రైల్వేవారు, కాలేజీల్లో, ఆస్పత్రుల్లో పనిచేసేవారు మూడో రకం. సంఖ్యలో వీరే ఎక్కువ, వీరందరికీ బ్యాంకు లోను కావాలి. లోను రాని ఇల్లు కొన్నారంటే ఈ మూడో రకాన్ని మొత్తంగా వదులుకున్నట్టే.

మరొక మాట. మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపినప్పటి నుంచి ఆ వైపు ధరల గురించి రోజుకొక కథ వింటున్నాం. కాజీపేట రైల్వే ఫ్యాక్టరీ, గీసుగొండ వైపు టెక్స్‌టైల్ పార్కుల మీదా అంతే. ప్లాటు కొని పదేళ్లు ఆగేవారికి ఆ కథలు పనికిరావచ్చు. ఎనిమిది నెలల్లో ఇల్లు అమ్మి బయటపడాల్సిన మనకు అవి లెక్కలోకి రావు.

రెండో మెట్టు: లెక్క వెనకనుంచి వేయండి

అమెరికాలో ఈ పని చేసేవారికి 70 శాతం సూత్రం ఒకటుంది. బాగుచేశాక వచ్చే ధరలో 70 శాతం తీసుకుని, అందులోంచి మరమ్మతు ఖర్చు తీసేస్తే మిగిలేదే మీరు కొనాల్సిన గరిష్ఠ ధర. ఇంటర్నెట్‌లో చూసి దాన్ని ఇక్కడ అలాగే వాడితే ఒక్క ఇల్లూ దొరకదు, ఎందుకంటే మన ధరలో పెద్ద భాగం స్థలానిది, స్థలం మీద ఎవరూ అంత తగ్గించరు. అందుకే సూత్రాన్ని పక్కన పెట్టి, ప్రతి ఇంటికీ విడిగా లెక్క వేయాలి.

ఉదాహరణకు 150 గజాల స్థలం, 1,100 చదరపు అడుగుల ఇల్లు. 45 లక్షలకు కొని 65 లక్షలకు అమ్మవచ్చని అనుకుందాం. చూడగానే కళ్లకు 20 లక్షలు కనిపిస్తాయి. ఇప్పుడు తీసివేతలు మొదలుపెడదాం. 2021 జులై నుంచి మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే 3,37,500 రూపాయలు. కొన్నప్పుడు మధ్యవర్తికి ఒక శాతం 45 వేలు, అమ్మినప్పుడు 65 వేలు. మరమ్మతుకు మేస్త్రీ చెప్పింది ఏడున్నర లక్షలు. పాత ఇంట్లో గోడ తవ్వితే ఏదో ఒకటి బయటపడుతుంది కాబట్టి దాని మీద 15 శాతం కలిపి 8,62,500. సొంత డబ్బు చాలక 25 లక్షలు ఏడాదికి 12 శాతానికి తెచ్చి ఎనిమిది నెలలు వాడితే వడ్డీ 2 లక్షలు. లాయరు, పన్ను, కరెంటు బిల్లులకు 30 వేలు. కూడితే మొత్తం 60 లక్షల 40 వేలు. మిగిలేది 4 లక్షల 60 వేలు, అదీ ఆదాయపు పన్ను కట్టకముందు. అదే 25 లక్షలు తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే వడ్డీ 4 లక్షలవుతుంది, మీకు మిగిలేది 2 లక్షల 60 వేలు.

కనీసం 8 లక్షలు మిగలాలంటే ఎంతకు కొనాలి? 65 లోంచి 8 తీస్తే 57 లక్షలు. కొనే ధరతో సంబంధం లేని ఖర్చులు 11,57,500 తీస్తే 45,42,500. ఇందులోనే కొనే ధర, దానిపై ఎనిమిదిన్నర శాతం (రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర, మధ్యవర్తికి ఒకటి) ఇమడాలి. 1.085తో భాగిస్తే దాదాపు 41 లక్షల 85 వేలు. అది మీ ఆఖరి మాట. బేరం సిట్టింగులో టీ తాగుతూ వేడి మీద "ఒక్క లక్ష చూద్దాం" అనిపించినప్పుడు జేబులోని ఈ కాగితం తీసి చూసుకోండి.

అమ్మకం ధర 65 లక్షలని ఎవరు చెప్పారన్నది కూడా ముఖ్యమే. పక్క వీధిలో ఆర్నెల్లలో నిజంగా అమ్ముడైన మూడు ఇళ్ల ధరలు కనుక్కోండి. అడుగుతున్న ధరలు లెక్కలోకి రావు. పత్రంలో రాసిన ధర కూడా నమ్మదగింది కాదు. అమ్మినాయనతో, కొన్నాయనతో విడివిడిగా మాట్లాడితే నిజం ఆ రెండు మాటల మధ్య ఎక్కడో ఉంటుంది.

మూడో మెట్టు: పత్రాలు

ఈ మెట్టు మీద ఎంతసేపు నిలబడితే అంత మంచిది. వరసగా అడగాల్సినవి ఇవి.

మొదట అసలు పత్రాలు, జిరాక్సులు కాదు. పత్రాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు కొన్నిసార్లు ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) కనబడదు. యజమాని "అసలువి మా తమ్ముడి దగ్గర ఉన్నాయి" అంటే తమ్ముడి ఇంటికి వెళ్లి చూడండి.

తర్వాత ఈసీ. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగాలి. కనీసం 30 ఏళ్లు వెనక్కి చూడండి. ఇంటి నంబరు మారి ఉండవచ్చు కాబట్టి సర్వే నంబరుతోనూ, పాత ఇంటి నంబరుతోనూ వెతకాలి. అదే కార్యాలయంలో 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, సర్వే నంబరు ఉందేమో చూడండి.

ఆడపడుచుల సంతకాలు. నన్ను ముంచింది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఇల్లు తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా లేకుండా చనిపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఉంది. ఉమ్మడి ఆస్తిలోనైతే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు వాటా ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ పెళ్లయినవారికీ ఇచ్చింది. "కట్నం ఇచ్చాం, ఆమెకేం సంబంధం?" అనే మాట పెద్దల పంచాయితీలో చెల్లుతుందేమో కానీ బ్యాంకు లాయరు దగ్గర చెల్లదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, అందులో ఉన్న ప్రతి పేరుకూ ఎదురుగా ఒక సంతకం ఉండేలా చూసుకోండి. ఒకరు దుబాయిలో ఉన్నారంటే బయానాకు ముందే ఆ సంగతి తేలాలి.

స్థలం స్వభావం. పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం బదిలీ చెల్లదు, ఎన్ని చేతులు మారినా అంతే. చెరువు పూర్తి నీటిమట్టంలో గానీ, దాని చుట్టూ కట్టడాలు కట్టకూడని బఫర్ పట్టీలో గానీ ఉంటే ధర ఎంత చవకైనా దండం పెట్టి రండి. ఈ ఊళ్లో మరో ప్రత్యేకత ఉంది. వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. 2010 సవరణ ప్రకారం రక్షిత ప్రాంతపు హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. మరమ్మతుకూ అనుమతి కావాలి. కోట లోపలి పెంకుటిళ్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, ఎనిమిది నెలల వ్యాపారానికి మాత్రం పనికిరావు.

చివరగా నగర పాలక సంస్థ ఇచ్చిన నిర్మాణ అనుమతి, ప్లాను. ప్లానులో ఒక అంతస్తు ఉండి, నేల మీద రెండు ఉంటే బ్యాంకు ఆ రెండోదానికి విలువ కట్టదు. అనుమతి లేని లేఅవుటు ప్లాటయితే క్రమబద్ధీకరణ రుసుము కట్టారా లేదా చూడండి. ఇంటి పన్ను, నల్లా బిల్లు, కరెంటు మీటరు ఎవరి పేరున ఉన్నాయో రాసుకోండి. మూడు మూడు పేర్లతో ఉంటే ఎందుకో అడగండి.

ఇవన్నీ చూసే లాయరుకు ఇచ్చే రుసుము దగ్గర బేరమాడకండి. ఏదైనా పెద్ద బ్యాంకు ప్యానెల్లో ఉన్న లాయరైతే మరీ మంచిది, రేపు మీ కొనుగోలుదారు పత్రాలు వెళ్లేది అలాంటివారి దగ్గరికే.

నాలుగో మెట్టు: ఇంటిని వానలో చూడండి

ఇల్లు చూడటానికి మంచి నెలలు జులై, ఆగస్టు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నయీంనగర్, హంటర్ రోడ్డు, సమ్మయ్యనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో ఊరంతా చూసింది. అమ్మేవారు ఆ సంగతి చెప్పరు. వీధి చివర కిరాణా కొట్టువాళ్లను అడిగితే ఏ ఇంట్లో ఎన్ని అడుగులు వచ్చాయో వేలితో గోడ మీద చూపిస్తారు. కింది మూడడుగుల వరకే కొత్తగా రంగు వేసిన గోడ కనిపిస్తే ఆ ప్రశ్న తప్పకుండా అడగండి.

గోడ చెమ్మ ఎక్కడిదో తెలుసుకోవడానికి ఒక అడుగు పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదలండి. గోడ వైపు నీటి చుక్కలు చేరితే తడి గోడలోనే ఉంది. గది వైపు చేరితే గాలి ఆడటం లేదన్నమాట, అది చిన్న సమస్య.

స్లాబును కింది నుంచి చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల చప్పుడు వచ్చిన చోట లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, సిమెంటు పెచ్చు విడిపోయినట్టు. ముందుగా చెడేవి సజ్జలు, స్నానాల గది పైకప్పు. అక్కడక్కడా ఉంటే బాగుచేయవచ్చు. హాలు మధ్యలో స్లాబు కిందికి దిగినట్టు కనిపిస్తే వదిలేయండి. గోడల్లో సన్నటి వెంట్రుకవాసి పగుళ్లకు భయం అక్కర్లేదు. కిటికీ మూలనుంచి ఏటవాలుగా లేదా ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా దిగే పగులుంటే పునాది కదిలింది. నల్లరేగడి నేల మీది ఇళ్లలో ఇది ఎక్కువ, వానకు ఉబ్బి ఎండకు కుంగే నేల అది. అలాంటి ఇంటికి ఇంజినీరును తీసుకెళ్లకుండా ధర మాట్లాడకండి.

దర్వాజా అడుగున స్క్రూడ్రైవరుతో నొక్కితే చెదలు సంగతి తెలుస్తుంది. పాత టేకు దర్వాజా గట్టిగా ఉంటే మాత్రం దాన్ని మార్చకండి. రుద్ది పాలిష్ పెడితే ఇప్పటి తలుపులేవీ దానికి సాటిరావు.

ఐదో మెట్టు: బయానా

బయానా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపై నగదు తీసుకుంటే, తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడే చట్టం ఉంది. రేపు అమ్మేది మీరే కాబట్టి ఆ దెబ్బ మీకూ తగలవచ్చు. ఒప్పందంలో మూడు మాటలు ఉండాలి: పత్రాల్లో లోపం తేలితే బయానా పూర్తిగా వెనక్కి, రిజిస్ట్రేషన్ నాటికి కిరాయిదారులు ఖాళీ, ఇంటి మీద అప్పుంటే ఆ సొమ్ము నేరుగా బ్యాంకుకే. గడువు 90 రోజులు పెట్టుకుని, ఆలోగా దినపత్రికలో అభ్యంతరాల ప్రకటన ఇవ్వండి. ఎప్పుడో విడిపోయిన దాయాదులు ఆ ప్రకటన చూసే బయటికి వస్తారు.

బయానా మీదే ఇంటిని మరొకరికి అమ్మేసి స్టాంపు డ్యూటీ మిగుల్చుకునేవారు మన దగ్గర తక్కువేమీ కాదు. ప్లాట్లకు అది నడుస్తుందేమో. మన పనికి నడవదు. మీ పేరున లేని ఇంట్లో ఎనిమిది లక్షలు పెట్టి స్లాబు బాగుచేశాక యజమాని మనసు మారితే, వేరేవారి ఇంటిని సొంత ఖర్చుతో మెరుగుపరిచినవారవుతారు.

ఆరో మెట్టు: పని

రంగులు, గిలాబు, గచ్చు, తలుపులు మార్చడానికి అనుమతి అక్కర్లేదు. గది చేర్చాలన్నా, మెట్లు మార్చాలన్నా, పైన వేయాలన్నా నగర పాలక సంస్థ అనుమతి కావాలి. నా సలహా అడిగితే, మొదటి రెండు ఇళ్లలో గోడలు జరపకండి.

వరస తప్పితే చేసిన పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది. నీటిని ఆపడం అన్నిటికన్నా ముందు. డాబా మీద పగుళ్లు తవ్వి పూడ్చి, తూముల వైపు వాలు సరిచేసి, నీరు దిగని పూత వేశాక, తూములు మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడండి. కింద మరక కనిపించకపోతేనే మేస్త్రీకి మిగతా డబ్బు. ఆ తర్వాత స్లాబు పెచ్చులు. ఉబ్బిన సిమెంటు పూర్తిగా రాల్చి, ఇనుమును వైరు బ్రష్‌తో రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మిశ్రమంతో నింపాలి. ఊరికే సిమెంటు మెత్తితే మరుసటి వానాకాలానికి మళ్లీ ఊడుతుంది. తర్వాత పైపులు, కరెంటు. దీపాలకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు. గోడలు మూసే ముందు ప్రతి గోడనూ ఫొటో తీయండి. ఆ తర్వాతే గిలాబు, దానికి కనీసం వారం రోజులు నీళ్లు. అది పూర్తిగా ఆరాకే లప్పం. తొందరపడి తడి గోడకు లప్పం పెడితే ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ల చేతికే పొలుసులు ఊడి వస్తాయి. చెదల మందు పని గచ్చు వేయకముందే, గోడ వెంట అడుగుకొక రంధ్రం చేసి పూర్తిచేయించండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి? స్నానాల గదుల్లో, వంటగదిలో, ముందు గేటు నుంచి హాలు దాకా ఉన్న పది అడుగుల్లో. వంటగది బండకు కరీంనగర్ గోధుమ రంగు గ్రానైటు చాలు, పక్క జిల్లాదే కాబట్టి చూసి ఎంచుకోవచ్చు. ఫాల్స్ సీలింగు, రంగురంగుల దీపాలు, గోడ నిండా అద్దాలు వద్దు. కొనేవారు అవి చూసి "దీనికింద ఏం దాచారు?" అని పైకి చూస్తారు.

కూలీల సంగతి. సుతారి మేస్త్రీకి పని గుత్తకు ఇచ్చి, సామాను మీరే కొనండి. వారం వారం అయిన పనికి మాత్రమే లెక్క తీర్చండి. మేడారం జాతర ఉన్న ఏడాది మాఘ పౌర్ణమికి అటూ ఇటూ వారం రోజులు, బతుకమ్మ, దసరాకు మరో పది రోజులు పని జరగదని ముందే రాసుకోండి. గద్దించి లాభం లేదు, సమ్మక్క సారలమ్మ దగ్గరికి వెళ్లినవారు మొక్కు తీరాకే వస్తారు. నా లెక్క ఇది: వానాకాలంలో చూడటం, దసరాకు రిజిస్ట్రేషన్, చలికాలంలో పని, మాఘం నుంచి వైశాఖం లోపు అమ్మకం. మే నెల ఎండలో గిలాబు సరిగా గట్టిపడదు, ఆషాఢంలో ఇల్లు కొనడానికి ఎవరూ రారు.

వాస్తు

నాకు నమ్మకం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. కొనేవారు సిద్ధాంతిని వెంటబెట్టుకుని వస్తారు. వంటగది ఆగ్నేయంలో లేకపోతే పొయ్యి బండనైనా ఆ మూలకు జరపవచ్చు. ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉంటే తీసి మరో చోట కట్టవచ్చు, ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. వీధిపోటు, నైరుతి వైపు పెరిగిన స్థలం మాత్రం ఏ మేస్త్రీ మార్చలేడు. అలాంటి ఇల్లు కొనేటప్పుడు చవక, అమ్మేటప్పుడు అంతకన్నా చవక.

చివరి మెట్టు: అమ్మకం, పన్ను

బోర్డు పెట్టే ముందే ఒక ఫైలు తయారుచేయండి: లింకు పత్రాలు, ఈసీ, అనుమతి, ప్లాను, పన్ను రసీదులు, లాయరు అభిప్రాయం. అడిగినవారికి ఆ రోజే జిరాక్సు ఇవ్వండి. బ్యాంకు లోను వారంలో తేలితే కొనేవారికి మనసు మార్చుకునే తీరిక ఉండదు. పని పూర్తయిన ఇంటిని ఉదయం ఎండ పడేవేళ చూపించండి, నల్లా తిప్పి, అన్ని దీపాలూ వేసి.

అమ్మకం ధర గానీ ప్రభుత్వ విలువ గానీ 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు ఒక శాతం పన్ను మినహాయించి మీ పాన్ మీద జమచేస్తారు. కొన్న 24 నెలల్లోపు అమ్మితే వచ్చిన లాభం మీ మిగతా ఆదాయంతో కలిసి మామూలు రేటున పన్నుకు వస్తుంది. 24 నెలలు దాటాక అమ్మితే దీర్ఘకాలిక లాభం, 2024 జులై 23 నుంచి జరిగిన అమ్మకాలకు రేటు 12.5 శాతం. ఏడాదికి రెండు మూడు ఇళ్లు తిప్పుతుంటే దాన్ని వ్యాపార ఆదాయంగానే చూస్తారు. సిమెంటు, ఇసుక, కూలి, అన్ని బిల్లులూ మీ పేరున ఉంచుకోండి. చీటీ మీద రాసిన లెక్కను చార్టర్డ్ అకౌంటెంటు ఖర్చుగా చూపించలేడు.

రిజిస్ట్రేషన్ రోజు తాళాలతో పాటు కరెంటు మీటరు, నల్లా, ఇంటి పన్ను పేరు మార్పు దరఖాస్తులు సంతకం చేసి ఇవ్వండి. గోడలు మూయకముందు తీసిన ఆ పైపుల, తీగల ఫొటోలు కూడా కొత్త యజమాని ఫోనుకు పంపండి. రేపు గీజరు బిగించడానికి వచ్చినవాడు డ్రిల్లింగు మిషను ఆన్ చేసే ముందు వాటిని చూస్తాడు.